ఎనభైల దశకపు జాతీయ పురస్కార చిత్రాలు – నా వరుస



వరుసలు కట్టడం మనవారికి కొత్త కాదు. కవిత్రయంలో పెద్దపీట నన్నయదా తిక్కనదా అని మా పండిత శిక్షణ రోజుల్లో భోజనశాలలో సైతం వాదాలు నడిచేవి. మూడవ పీట మాత్రం నిర్వివాదంగా ఎఱ్ఱనకు వదిలేసేవారు. అద్దంకి రెడ్డిరాజుల కొలువులో వెలిగిన ఆ ప్రబంధ పరమేశ్వరుడు మా వైపువాడు కావడంతో మాకు కొంచెం పౌరుషం వచ్చేది కూడా. వరుస కట్టినంత మాత్రాన కవి పెరగడు, తరగడు. కట్టేవాడి కొలబద్ద మాత్రం బయటపడుతుంది. ఆ ప్రయోజనం దృష్ట్యానే ఈ వరుస.

నేను తీసుకొన్నవి 1980 నుంచి 1989 వరకు జాతీయ చలనచిత్ర పురస్కారాలు అందుకొన్న తెలుగు చిత్రాలు. ఉత్తమ తెలుగు చిత్రంగా గౌరవం పొందినవే గాక, సంగీతానికో, గానానికో, జాతీయ సమైక్యతకో పురస్కారం వచ్చినవి కూడా లెక్కలో ఉన్నాయి. చూడని చిత్రానికి స్థానమివ్వడం ధర్మం కాదు గనుక 1980 సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రం 'హరిశ్చంద్రుడు'ను వరుసలో చేర్చలేదు.

'శంకరాభరణం' ఏదీ అని మీలో సగం మంది ఇప్పటికే అడిగి ఉంటారు. ఆ చిత్రం 1980 ఫిబ్రవరి 2న విడుదలైన మాట నిజమే. కానీ జాతీయ పురస్కారాలకు విడుదల తేదీతో పని లేదు, సెన్సారు ధ్రువపత్రం తేదీతోనే పని. అందువల్ల దాని పురస్కారాలన్నీ 1979 సంవత్సరపు ఖాతాలోకి చేరాయి. నిబంధన నిబంధనే. పైగా అది వరుసలో ఉంటే మిగిలినవాటి గురించి ఎవరూ మాట్లాడరు. 1981లో ఉత్తమ తెలుగు చిత్రమైన 'సీతాకోకచిలక'ను కూడా పక్కన పెట్టాను. భారతీరాజా అదే ఏడు తమిళంలో తీసిన కథనే తెలుగులో మళ్ళీ చెప్పారు. బాగా చెప్పారు, కానీ తొలి చూపు తమిళానిదే.

ఇక కొలబద్ద సంగతి. మన ఆలంకారికులు ఉపదేశాన్ని మూడు విధాలుగా చెప్పారు. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుంది. పురాణం మిత్రుడిలా నచ్చజెబుతుంది. కావ్యం ప్రేయసిలా మనసు కరిగించి తన దారికి తెచ్చుకొంటుంది. ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అని వాటికి పేర్లు. సినిమాను కూడా నేను ఇలాగే చూస్తాను. దీనికి తోడు క్షేమేంద్రుడి ఔచిత్యం, ఆనందవర్ధనుడి ధ్వని. సినిమాను కొలవడానికి అంతకంటె కొత్త పనిముట్లు ఉన్నాయని తెలుసు. నాకు చేతికి అలవాటైనవి ఇవి.

మరొక మాట. ఈ చిత్రాలను మేము ఎక్కడ చూశామన్నది కూడా వరుసలో కొంత పాత్ర వహిస్తుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం హాళ్ళకు పెద్ద తారల సినిమాలు ఆలస్యంగానైనా వచ్చేవి. పురస్కార చిత్రాలలో విశ్వనాథ్ గారివి వచ్చేవి. నర్సింగరావు గారి చిత్రాల వంటివి మా దాకా రావడం కల్ల. వాటిని మాకు చూపించింది దూరదర్శన్. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రం వేసేవారు. బెంగాలీ, మలయాళం, అస్సామీ అయ్యాక ఎప్పటికో తెలుగు వంతు వచ్చేది. కరెంటు ఉంటే సినిమా, లేకపోతే నిద్ర.

10. గీతాంజలి (1989)

మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక చిత్రం. ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన జనరంజక చిత్రంగా స్వర్ణకమలం పొందింది. మృత్యువు దగ్గరలో ఉన్న ఇద్దరు యువజనుల ప్రేమ. పి.సి. శ్రీరామ్ ఛాయాగ్రహణం, ఇళయరాజా సంగీతం, వేటూరి సాహిత్యం. మాటలు పొట్టివి, మంచు ఎక్కువ. మా వడగాడ్పుల ప్రాంతంలో ఆ ఊటీ మంచును చూడడమే సగం సుఖం. కరుణ ఉంది గాని కరుణరసానికి కావలసిన లోతు పాటల్లోనే ఉంది, కథలో లేదు. అందుకే పదో స్థానం.

9. సూత్రధారులు (1989)

అదే సంవత్సరం ఉత్తమ తెలుగు చిత్రం. ఊరూరా తిరిగి ఆడిపాడి బతికే జానపద కళాకారుల కుటుంబాలను విశ్వనాథ్ గారు కథలోకి తెచ్చారు. అక్కినేని వారి వార్ధక్యపు నటనలో నిండుదనం ఉంది. చదువుతోనూ అహింసతోనూ దౌర్జన్యాన్ని జయించవచ్చునన్నది సందేశం. మిత్రసమ్మితమనవచ్చు. అయితే దుర్మార్గుడు మారిపోవడంలో తొందర కనిపిస్తుంది. మారడానికి పల్లెలోని దుర్మార్గులు అంతకంటె ఎక్కువ కాలం తీసుకొంటారు.

8. స్వాతిముత్యం (1986)

ఆస్కార్ పోటీకి భారతదేశం తరఫున వెళ్ళిన మొదటి తెలుగు చిత్రం. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రం. లోకజ్ఞానం లేని యువకుడు శ్రీరామకల్యాణ వేదిక మీద ఒక యువ వితంతువు మెడలో తాళి కట్టే ఘట్టం ఆంధ్రదేశమంతా చెప్పుకొన్నది. కమల్ హాసన్, రాధిక ఇద్దరూ ప్రాణం పెట్టారు.

ఇంత వెనక ఎందుకు పెట్టారని అడుగుతారు. ఆ తాళి కట్టేముందు ఆమెను ఎవరూ అడగలేదు. అమాయకుడు గనుక క్షంతవ్యమని కథ చెబుతుంది. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో 1881లో వితంతు వివాహం జరిపించినప్పుడు జరిగిన పోరాటం అంతా ఆ స్త్రీ సమ్మతి కోసం, గౌరవం కోసం. నూరేళ్ళ తరువాత వచ్చిన చిత్రంలో ఆ సమ్మతి ఒక ముహూర్తంలో జారిపోయింది. నాకు ఇది ఔచిత్య భంగంగానే తోస్తుంది.

7. రంగులకల (1983)

బి. నర్సింగరావు గారు దర్శకత్వం వహించి, చిత్రకారుడి పాత్ర తామే ధరించిన చిత్రం. ఉత్తమ తెలుగు చిత్రం. బొమ్మ ఎవరి కోసం గీయాలి, ఎవరి గోడ మీద వేలాడాలి అన్న ప్రశ్న ఇందులో ఉంది. గద్దర్ గళం వినిపిస్తుంది. కథ పల్చన, వేగం తక్కువ. అయినా నగరంలో సామాన్యుడి ముఖాన్ని ఇంత ఓపికగా చూసిన తెలుగు చిత్రం దానికి ముందు నేను చూడలేదు.

6. సప్తపది (1981)

జాతీయ సమైక్యతకు ఇచ్చే నర్గీస్ దత్ పురస్కారం దీనికి వచ్చింది. ఆచారపరుడైన యాజులు గారు తన మనుమరాలిని చివరకు ఆమె మనసిచ్చిన హరిజన యువకుడి చేతిలో పెడతారు. సోమయాజులు గారి ముఖంలో జరిగే ఆ సంఘర్షణ, శాస్త్రానికీ వాత్సల్యానికీ మధ్య నలగడం, అదీ అసలు చిత్రం. సంప్రదాయం తెలిసినవాడే దానిని సరిదిద్దగలడన్న మాట సంప్రదాయం తెలిసినవారికి రుచిస్తుంది.

కానీ ఈ చిత్రం తలచుకొన్నప్పుడల్లా మా జిల్లాకు చెందిన మరొక తేదీ గుర్తుకు వస్తుంది. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. సప్తపదికి పురస్కారం వచ్చి అప్పటికి మూడేళ్ళు. తెర మీద అగ్రహారం కరిగింది. బయట పొలం గట్టు కరగలేదు. ఇది చిత్రం తప్పు కాదు. పెద్దవాడి మనసు మారడం మీద కథ కడితే, ఆ మనసు మారని చోట అవతలివాడి గతి ఏమిటన్న ప్రశ్న మిగిలిపోతుంది. వేణువు ఊదే ఆ యువకుడికి సినిమాలో మాటలు తక్కువ. ఆరవ స్థానం అందుకు.

5. సితార (1984)

వంశీ తన నవల 'మహల్లో కోకిల'ను తానే తెరకెక్కించారు. ఉత్తమ తెలుగు చిత్రం. ఎస్. జానకి గారికి ఉత్తమ గాయని, అనిల్ మల్నాడ్ గారికి ఉత్తమ కూర్పరి పురస్కారాలు కూడా వచ్చాయి. భానుప్రియకు తెలుగులో తొలి చిత్రం. శిథిలమవుతున్న కోట, పరువు పేరిట గోడల మధ్య బందీ అయిన అమ్మాయి. దీనిని కాంతాసమ్మితం అనడానికి నేను సంకోచించను. కథ ఏమిటో మరిచిపోయినా దృశ్యాలు మరపు రావు.

గోదావరి అందం ఆ రోజుల్లో మాకు సినిమాల్లోనే దక్కేది. మాకు గుండ్లకమ్మ ఉంది. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, తూర్పుగా సాగిపోతుంది. విజయనగర రాజుల కాలపు ఆ చెరువు కట్ట మీద సాయంకాలం నిలబడితే గోదావరి గట్టు కంటె తక్కువేమీ కాదనిపిస్తుంది, నీరున్న ఏడు. ఏ దర్శకుడూ ఇటు చూడలేదని చిన్న అలక నాకు ఎప్పుడూ ఉంది.

4. మేఘసందేశం (1982)

నాలుగు జాతీయ పురస్కారాలు. ఉత్తమ తెలుగు చిత్రం, సంగీతానికి రమేష్ నాయుడు, గానానికి ఏసుదాసు, సుశీల. దాసరి నారాయణరావు గారు తీసిన నూటికి పైగా చిత్రాలలో నేను తలపై పెట్టుకొనేది ఇది. అప్పటికే కీర్తిశేషులైన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి పాటలు, జయదేవుడి అష్టపదులు, వేటూరి సాహిత్యం ఒకే హారంలో ఒదిగాయి. పండితుడన్నవాడికి ఇంతకంటె పండుగ ఏముంటుంది?

అయినా నాలుగో చోటే ఎందుకు? పాఠశాలలో ఒకసారి కాళిదాసు మేఘదూతం గురించి చెబుతున్నాను. విరహి అయిన యక్షుడు మేఘాన్ని బతిమాలుకొని అలకకు సందేశం పంపాడని, ఆ మేఘం ఏ ఏ ఊళ్ళ మీదుగా వెళ్ళాలో కూడా చెప్పాడని వివరించాను. వెనక బల్ల మీది పిల్లవాడు లేచి, "ఆ మబ్బు మన ఊరి మీద నించి పోతే కురవకుండా పోతాదా సార్?" అన్నాడు. తరగతి నవ్వింది. వాడు నవ్వలేదు. ఆ ఏడు కంది చేలు ఎండిపోతున్నాయి. వాళ్ళ నాన్న మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళ్ళి ఉన్నాడు.

మా పడమటి మండలాల్లో మేఘం దూత కాదు. అది వస్తానని రాని బంధువు. మేఘసందేశంలోని శృంగారం, విరహం ఉత్తమమైనవే. అయితే ఆ బాధ పడడానికి కూడా ఒక తీరిక కావాలి. పైగా ఇంటి దగ్గర ఉండిపోయిన భార్య పార్వతి బాధకు ఒక్క పాటా దక్కకపోవడం నాకు లోటుగా తోస్తుంది. జయసుధ గారు ఆ లోటును తన కళ్ళతో పూడ్చారు.

3. రుద్రవీణ (1988)

బాలచందర్ దర్శకత్వం, చిరంజీవి నటన, నాగబాబు నిర్మాణం. నర్గీస్ దత్ పురస్కారంతో పాటు ఇళయరాజాకు సంగీతానికి, బాలసుబ్రహ్మణ్యం గారికి గానానికి జాతీయ పురస్కారాలు దక్కాయి. పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. సంగీతాన్ని మడి గట్టుకొని కాపాడుకొనే తండ్రి బిలహరి గణపతిశాస్త్రి, ఆకలిగొన్నవాడి కేక వినపడని సంగీతం ఎందుకని అడిగే కొడుకు సూర్యం. ఇది కళ మీద కళ వేసిన ప్రశ్న. ఇంత సూటిగా తెలుగులో ఎవరూ వేయలేదు. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి కలం ఆ ప్రశ్నకు పదును పెట్టింది.

సూర్యం ఊరిలో తాగుడు మానిపించడానికి పూనుకొంటాడు. అది కథ అనుకొన్నాం. నాలుగేళ్ళు తిరగకుండానే 1992లో మా పక్క జిల్లా నెల్లూరులోని దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మీదకు కదిలారు. అక్షరాస్యతా కేంద్రంలో వయోజనుల వాచకం చదువుకొంటూ ఆ చదువులోంచి పోరాటంలోకి నడిచారు. రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయిన సంగతి కూడా చెప్పకపోతే చరిత్ర అసంపూర్ణం.

ఇందులో ఒక తేడా గమనించండి. సినిమాలో ఊరిని మార్చినవాడు సంగీతం తెలిసిన యువకుడు. దూబగుంటలో మార్చింది అప్పుడే అక్షరాలు దిద్దుకొన్న స్త్రీలు. వాస్తవం కల్పన కంటె ముందుకు పోయింది. అయినా ఆ దిక్కు చూపించిన చిత్రం గనుక మూడవ స్థానం దీనికే. ప్రభుసమ్మితపు కంఠస్వరం అక్కడక్కడ వినిపిస్తుంది, ఉపన్యాసం ఎక్కువవుతుంది. ఆ మేరకు రెండు మెట్లు తగ్గింది.

2. సాగరసంగమం (1983)

ఇళయరాజాకు, బాలసుబ్రహ్మణ్యం గారికి జాతీయ పురస్కారాలు తెచ్చిన చిత్రం. విశ్వనాథ్ గారి చిత్రాలన్నింటిలో నాకు అత్యంత ప్రియమైనది. కారణం ఒక్కటే. ఇది గెలవనివాడి కథ. బాలకృష్ణ మహానర్తకుడు. ఏ పెద్ద వేదిక మీదా ఆడలేదు. తాగి తాగి పత్రికలో నాట్య విమర్శలు రాసుకొంటూ బతుకు వెళ్ళదీస్తాడు.

ఆ ఆహ్వానపత్రం ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. ఢిల్లీలో జరగబోయే నాట్యోత్సవపు పత్రంలో మహామహుల బొమ్మలు చూసి మురిసిపోతూ ఒక్కొక్క పుట తిప్పుతాడు. చివరకు తన బొమ్మ, తన పేరు కనిపిస్తాయి. కమల్ హాసన్ ఆ క్షణంలో మాట్లాడడు. ఆనందం, సిగ్గు, నమ్మలేనితనం, కృతజ్ఞత ఒకదాని మీద ఒకటి అలల్లా వస్తాయి. సంచారీభావాలను పిల్లలకు వివరించడానికి నాకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకలేదు. అంతలోనే వంటలు చేసి పెంచిన తల్లి మరణం. ఆ వేదిక ఎక్కకుండానే వెనుదిరగడం.

ప్రతిభ ఉంటే అవకాశం వెతుక్కొంటూ వస్తుందని చెప్పడం సులువు. మా ప్రాంతంలో పాఠం చెప్పినవాడికి ఆ మాట గొంతు దిగదు. పద్యం వింటే ఒక్కసారికే ఒప్పజెప్పే పిల్లలు పదో తరగతి దాటకుండా పలకల గనిలోకో, బెంగుళూరు కట్టడాల పనికో వెళ్ళిపోవడం చూశాను. బాలకృష్ణకు చివరి రోజుల్లోనైనా ఒక శిష్యురాలు దొరికింది. వాళ్ళకు అదీ లేదు. ఈ చిత్రం చూసిన ప్రతిసారీ నాకు కళ్ళ నీళ్ళు వచ్చేది వాళ్ళు గుర్తొచ్చే.

మొదటి స్థానం చెప్పే ముందు ఒక లెక్క చూడండి.

ఈ పదింటిలో ఎన్ని చిత్రాల్లో ప్రధాన పాత్ర కళాకారుడో లెక్కపెట్టాను. సాగరసంగమంలో నర్తకుడు. మేఘసందేశంలో కవి. రుద్రవీణలో గాయకుడు. రంగులకలలో చిత్రకారుడు. సితారలో నర్తకి, తార. సప్తపదిలో నర్తకి, వేణువాదకుడు. సూత్రధారులులో జానపదులు. మొత్తం ఏడు. ఎనభైలలో ఢిల్లీ న్యాయనిర్ణేతలకు తెలుగువాడంటే పాడేవాడు, ఆడేవాడు. ఆ గౌరవం తక్కువదేమీ కాదు. శంకరాభరణం వేసిన దారి అది, ఆ దారిన ఎంతో సంపద వచ్చింది.

కానీ పాట రాని తెలుగువాడు ఎక్కడ? కరువులో కంది వేసినవాడు, పశువులను అమ్ముకొని వలస పోయినవాడు, నల్లమల చెంచు, గనిలో రాతి పొరలు చీల్చే కూలీ, ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుము వంగిన అవ్వ, వీరెవరూ ఆ తొమ్మిది చిత్రాల్లో లేరు. ఎన్నెన్ని రాష్ట్రాల్లోనో పిల్లలు ఓనమాలు దిద్దుకొన్న పలకలు మా మార్కాపురం రాళ్ళే. ఆ పలక మీద అక్షరం రాసినవాడికి ఉన్న కథ, పలక చేసినవాడికీ ఉంటుంది. రసానికి అధికారం కళాకారుడి హృదయానికి మాత్రమే ఉందని ఏ ఆలంకారికుడూ చెప్పలేదు.

1. దాసి (1988)

బి. నర్సింగరావు గారి చిత్రం. ఐదు జాతీయ పురస్కారాలు: ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి అర్చన, ఛాయాగ్రహణం ఎ.కె. బీర్, కళాదర్శకత్వం తోట వైకుంఠం, దుస్తులు సుదర్శన్. అర్చనకు అంతకు ముందటి సంవత్సరమే తమిళ చిత్రం 'వీడు'కు అదే పురస్కారం వచ్చింది. వరుసగా రెండేళ్ళు, రెండు భాషల్లో.

నిజాం కాలపు తెలంగాణలో ఒక గడీ. దొర ఇంటి పెండ్లికూతురి వెంట అరణంగా మనుషులను కూడా పంపే ఆచారం ఉండేది, వారిని ఆడబాపలనేవారు. కమలాక్షి అటువంటి దాసి. ఆమె పొద్దున లేచింది మొదలు చేసే పనులే చిత్రం. నీళ్ళు, ఊడ్పు, కాళ్ళు కడగడం, పిలిచినప్పుడు వెళ్ళడం. ఆమె శరీరం ఆమెది కాదు. గర్భం వచ్చినా, దానిని ఉంచాలా తీయాలా అన్న నిర్ణయం ఆమెది కాదు.

ఆమె పాడదు. ఆడదు. తన బాధను వర్ణించుకోదు. దీర్ఘమైన సంభాషణ ఒక్కటీ లేదు. చెప్పకుండా తోపింపజేయడమే ఉత్తమ కావ్య లక్షణమని ఆనందవర్ధనుడు అన్నాడు గదా! ధ్వనికి తెలుగు తెర మీద లక్ష్యం చూపమంటే నేను దాసిని చూపుతాను. వైకుంఠం గారి రంగులు, బీర్ గారి వెలుగునీడలు ఆ గడీని అందంగానే చూపిస్తాయి. ఆ అందంలో ఒక మనిషి వస్తువుగా పడి ఉండడమే భయం గొల్పుతుంది. ఏ పాత్రా మనతో ఇది అన్యాయమని చెప్పదు. చూస్తున్న మనమే లోపల అనుకొంటాం. అనుకొన్న తరువాత ఆ మాటను వెనక్కు తీసుకోలేం. ఉపదేశం లేని ఉపదేశం ఇది.

మా ప్రాంతం 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. గడీలు మావి కావు, ఆ యాస మాది కాదు. అయినా మొదటి తొమ్మిది చిత్రాల్లో కనిపించని మా మనుషులు దాసిలో నాకు కనిపించారు. దొర ఉంటే దొరకు, లేకపోతే కరువుకు, అప్పుకు కట్టుబడి, నోరు తెరవకుండా పని చేసుకుపోయేవారు. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ఈ చిత్రం వచ్చినప్పుడు మా వీధిలో చాలామంది సగంలో లేచిపోయారు, పాటలు లేవని. చివరి దాకా కూర్చున్నది ఇళ్ళల్లో పని చేసుకొనే ఒక ముసలావిడ. సినిమా అయ్యాక "ఆ పిల్లకు కడుపు నొప్పి తగ్గిందా అయ్యా?" అని అడిగి వెళ్ళిపోయింది. ఏ విమర్శకుడి వ్యాసంలోనూ నాకు ఇంతకంటె మంచి ప్రశంస కనిపించలేదు.

ఇదీ నా వరుస. సంగీతాభిమానులు సాగరసంగమాన్నీ మేఘసందేశాన్నీ పైకి జరుపుతారు. గోదావరి వారు సితారను కదలనివ్వరు. చిరంజీవి అభిమానుల సంగతి చెప్పనే అక్కరలేదు. మార్చుకోండి, అభ్యంతరం లేదు. ఒక్కటే విన్నపం. మార్చే ముందు దాసిని ఒకసారి మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో లేవకుండా చూడండి. ఆ తరువాత మీరు కట్టిన వరుస ఏదైనా నాకు సమ్మతమే.